మా తమ్ముడికి తగ్గిన ఒక్క పాయింటు

జనవరి 3, 2022. సోమవారం

కోవిడ్‌కి మందు వచ్చింది. మాత్రలు. జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు వేసుకుంటే ఆసుపత్రి దాకా వెళ్ళక్కర్లేదట. కౌంటీ మొత్తానికి మా మిల్ స్ట్రీట్ క్లినిక్ ఒక్కటే ఇస్తుంది. రోజుకి పన్నెండు పెట్టెలు. ఈ ఒక్కరోజే నేను ఎత్తిన ఫోన్లు నూట నలభై.

పన్నెండూ ఎవరికివ్వాలో చెప్పడానికి రాష్ట్రం వాళ్ళు ఒక ఫారం పంపారు. పాయింట్లు వెయ్యాలి. యాభై దాటితే ఒకటి. బూస్టర్ వేయించుకోకపోతే ఒకటి. బీపీ, షుగర్, ఉబ్బసం, ఒక్కోదానికి ఒకటి. తెల్లవాళ్ళు కాకపోతే రెండు. నాలుగు వచ్చినవాళ్ళకి మందు. రానివాళ్ళ పేరు వెయిటింగ్ లిస్టులో రాసుకోవాలి, ఏ రోజు లిస్టు ఆ రోజుకే. సాయంత్రం ఐదింటికి ఏమైనా మిగిలితే వాళ్ళని పిలవాలి.

నేను పద్నాలుగేళ్ళుగా ఈ ఫోన్ల దగ్గరే ఉన్నాను. ఇంతకన్నా వింత ఫారాలే చూశాను. చదివి పక్కన పెట్టాను.

ఒడెస్సా మాత్రం రెండుసార్లు చదివింది. తను మా హెడ్ నర్సు, నల్లామె, నాకు ఈ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఇన్నేళ్ళకి మా రంగుకి ఒక లాభం రాసిపెట్టారే లూసిల్, అదీ జబ్బు కాగితం మీద, అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, చూస్తూ ఉండు, దీనికి తిట్లు తినేది కూడా మేమే అంది.

జనవరి 5

పన్నెండూ పదిన్నరకే అయిపోయాయి.

జనవరి 6. మధ్యాహ్నం, భోజనం వేళ

ఫోన్లో జనం ఎలా మాట్లాడుతున్నారో రాసిపెట్టాలి, లేకపోతే నేనే నమ్మను.

ఒకాయన, నేను ఇటాలియన్‌ని, ఎండాకాలం వస్తే బాగా నల్లబడతాను, అది లెక్కలోకి వస్తుందా అన్నాడు. ఒకావిడ, మీకు ఏది కావాలో అది రాసుకోమ్మా, నేను అదే అంది. ఒక ముసలాయనకి నాలుగు పాయింట్లు వచ్చాయి, వచ్చి తీసుకెళ్ళండి అన్నాను, నాకొద్దు మా ఆవిడకివ్వండి అన్నాడు. ఆవిడకి మూడే. కుదరదన్నాను. అయితే ఇద్దరికీ వద్దు అని పెట్టేశాడు.

లిస్టులో నిన్నటివి నలభై పేర్లు, ఇవాళ్టివి ముప్పై. నిన్న ఐదింటికి మిగిలింది సున్నా. రాయడం ఎందుకో తెలియడం లేదు. పక్క సీటులో పిల్ల రాయడం మానేసింది. కుదరదండీ అని చెప్పేస్తోంది, తొందరగా అయిపోతుంది కదా అంది.

జనవరి 10

నేనూ లిస్టు రాయడం మానేశాను.

జనవరి 11. మంగళవారం

పొద్దున్నుంచి మంచు. సరస్సు మీద నుంచి వచ్చే మంచు మామూలుగా ఉండదు, ఎదుటి దీపం కూడా కనబడలేదు. పదకొండూ నలభైకి, పెట్టెలు ఇంకా కొన్ని ఉండగానే, ఫోన్ ఎత్తితే మా తమ్ముడు.

కాజ్ ఎప్పుడూ క్లినిక్‌కి ఫోన్ చెయ్యడు. కప్పులు వేసే పని వాడిది. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో సగం ఇళ్ళ మీద నడిచాడు. వాడి గొంతు గొంతులా లేదు. మూడో రోజట. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయట. అక్కా, నీ దగ్గర ఏదో మాత్ర ఉందట కదా, నాకొకటి పడేయవే అన్నాడు.

ఫారం తీశాను. వయసు యాభై ఏడు, ఒకటి. బూస్టర్ లేదు, ఒకటి. బీపీ, ఒకటి. మూడు.

కుదరదురా, నాలుగు కావాలి అన్నాను.

ఆ నాలుగోది ఎలా వస్తుంది అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తెల్లవాడివి కాకపోతే నీకు ఐదొచ్చేవి, ఈ గంటలోనే ఇచ్చేదాన్ని అన్నాను. తర్వాత నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. ఈ ముక్క అమ్మకి ముందే చెప్పాల్సింది, వేరే రంగులో కనేది అన్నాడు. నువ్వు చిన్నప్పుడు పేకాడినా అట్ట మీద రూల్సు చదివి మరీ ఆడేదానివి కదక్కా, సరేలే, పెట్టేయ్, వెనక ఎవరో కాచుకుని ఉంటారు అన్నాడు.

పెట్టేశాను. వెనక నిజంగానే కాచుకుని ఉన్నారు.

జనవరి 12

వాడు ఫోన్ ఎత్తలేదు. వాడి భార్య మారీబెత్ కూడా.

జనవరి 14. పొద్దున్న 9.20

మారీబెత్ ఫోన్ చేసింది. కాజ్ పెదాలు నీలంగా మారాయట, అంబులెన్స్ వచ్చి తీసుకెళ్ళిందట. ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. నేను క్లినిక్ కోటుతో వెళ్ళినా రానివ్వలేదు.

జనవరి 19

గొట్టం వేశారు. మిషనే ఊపిరి పోస్తోంది.

ఆసుపత్రి బయట కారులో కూర్చున్నాం, నేనూ మరదలూ. కిటికీలు కొంచెం దించి. మారీబెత్ స్టీరింగ్ వైపే చూస్తూ అడిగింది. వదినా, ఆ రోజు నీకు ఫోన్ చేశాక నాతో ఏమన్నాడో తెలుసా, మా అక్క చెప్పిందంటే రూలు అంతేనే, ఇంకెక్కడా అడక్కు అన్నాడు. నేను పక్క కౌంటీకి తీసుకెళ్తానన్నాను, అక్క కన్నా నీకెక్కువ తెలుసా అని కసిరాడు.

నీ దగ్గర తాళంచెవి ఉంది వదినా, మందుల బీరువా తాళంచెవి, అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

జనవరి 27

ఏ మార్పూ లేదట. ఇదే మాట తొమ్మిదో రోజు.

ఫిబ్రవరి 6. ఆదివారం

గొట్టం తీశారు! బతికాడు. చర్చిలో అందరి ముందూ ఏడ్చాను. ఎవరూ దగ్గరికి రాలేదు, రోజులు అలాంటివి.

ఫిబ్రవరి 22

ఇంటికొచ్చాడు. ముప్పై ఎనిమిది పౌన్లు తగ్గాడు. ఆక్సిజన్ మిషను చిన్న సూట్‌కేసంత ఉంది, ఎక్కడికెళ్ళినా చక్రాల మీద వెంట రావాలి. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, మళ్ళీ మెత్తబడవు అని డాక్టరు చెప్పాడట. మెట్లు ఎక్కకూడదు. నిచ్చెన మాట అసలు ఎత్తకూడదు.

బంగాళదుంప కూరి ఉడికించే పియెరోగీలు చేసి తీసుకెళ్ళాను. రెండు తిన్నాడు. ఒకప్పుడు రెండు డజన్లు తినేవాడు. ఏమిటక్కా అలా చూస్తావ్, దెయ్యాన్ని చూసినట్టు అన్నాడు.

మార్చి 9

కాజ్ ఇంట్లో ఒక లాయరు. ఆల్డెన్ పెల్లమ్ అట. రాజధానిలో ఏదో ఫౌండేషన్ తరఫున వచ్చాడు. మంచి సూటు వేసుకుని, బూట్లు గుమ్మం బయటే విప్పాడు. మర్యాదస్తుడే.

ఆయన చెప్పింది నాకర్థమైనంత వరకు ఇది. రాష్ట్రం మనిషి రంగుని బట్టి మందు ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధం అని దావా వెయ్యాలని వాళ్ళు జనవరి నుంచి ప్రయత్నిస్తున్నారు. కానీ కోర్టు ముందు ఒక ప్రశ్న అడుగుతుంది. నువ్వెవరు, నీకేం నష్టం జరిగింది, అని. దాన్ని స్టాండింగ్ అంటారట. అది లేకపోతే గుమ్మం కూడా దాటనివ్వరు. ఫారం మంచిదా చెడ్డదా అన్న మాటే రాదు.

ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి తీసుకెళ్తే, నీకింకా జబ్బే రాలేదు, ఊహించుకుని ఏడవకు అంటారు. జబ్బు వచ్చినవాడికి ఉన్నది ఐదు రోజులు, ఐదు రోజుల్లో ఏ కోర్టూ తెరుచుకోదు. పోయినవాడు రాలేడు. అని చెప్పి కాజ్ వైపు తిరిగాడు. మీలాంటి మనిషి కోసమే రెండు నెలలుగా వెతుకుతున్నాను మిస్టర్ స్కోరుప్‌కా అన్నాడు.

అంటున్నప్పుడు ఆయన మొహం వెలిగింది. నేను చూశాను. మా తమ్ముడి ముక్కులో గొట్టాన్ని చూసి ఒక మనిషి మొహం వెలగడం.

నాకు ఎవరి మీదా కోపం లేదు సార్ అన్నాడు కాజ్. నేను నల్లవాళ్ళ ఇళ్ళ మీదా కప్పులు వేశాను, వాళ్ళు బతకాలనే కోరుకుంటాను. నాకు ఒక్కటి తెలియాలి. నన్ను అలా చెయ్యొచ్చా, చెయ్యకూడదా. ఎవరైనా పెద్దవాళ్ళు కూర్చుని, చెయ్యొచ్చు, లేదా తప్పు, అని ఏదో ఒకటి చెప్పాలి. చెయ్యొచ్చు అన్నా ఒప్పుకుంటాను.

సంతకం పెట్టాడు.

మార్చి 10

ఒడెస్సాకి చెప్పాను. నా నోటితోనే వినాలి కదా.

తను పెరుగు తింటోంది. చెంచా పెట్టేసింది. వెయ్యనీ అంది. తర్వాత వాళ్ళమ్మ సంగతి చెప్పింది. పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 2020 ఏప్రిల్లో వాళ్ళమ్మని మూడుసార్లు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళిందట. ఊపిరి ఆడటం లేదు అంటే మొదటిసారి కంగారు పడకమ్మా అన్నారు. రెండోసారి నిద్రమాత్ర రాసిచ్చారు. మూడోసారి మంచం ఇచ్చారు. ఆ మంచం మీద రెండు రోజులే బతికింది. అదే వరండాలో తెల్లావిణ్ణి మొదటిసారే చేర్చుకోవడం నేను కళ్ళారా చూశాను అంది.

తను అప్పట్లో ఒక లాయరు దగ్గరికి వెళ్తే, రంగు వల్లే అని ఎలా రుజువు చేస్తావమ్మా అన్నాడట. ఎక్కడా రాసిలేదు కదా.

ఈ ఫారం పెట్టింది అందుకే లూసిల్, అంది. అప్పుడు కాగితం మీద లేకుండా జరిగిపోయిందాన్ని ఇప్పుడు కాగితం మీద సరిచేద్దామనుకున్నారు. మీ తమ్ముడు కాయకష్టం చేసేవాడు, మంచివాడు. మా అమ్మ కూడా ముప్పయ్యేళ్ళు లాండ్రీలో నిలబడింది.

తను చెంచా తీసుకుని మళ్ళీ తింది.

మార్చి 18

దావా పడింది. మా క్లినిక్ పెద్ద డాక్టర్ హెన్షా పిలిచి, నన్ను ఫోన్ల దగ్గర్నుంచి లేపి వెనక రికార్డుల గదికి వేశారు. శిక్ష కాదట. ఆవిడ ఎప్పుడూ మెత్తగానే మాట్లాడుతుంది.

మార్చి 25

ఫారం మారింది. రంగు గడి తీసేశారు. మందు కూడా ఇప్పుడు కావలసినంత ఉంది, బీరువాలో పెట్టెలు దొంతరలుగా పడున్నాయి. అడిగేవాడు లేడు.

ఏప్రిల్ 13. బుధవారం

మొదటినుంచి రాస్తాను.

రాష్ట్రం తరఫు జవాబు వచ్చింది. కాజ్‌కి పంపిన కాపీ మారీబెత్ నాకు ఫోటోలు తీసి పంపింది. మాట ఏమీ రాయలేదు, ఫోటోలు మాత్రం. లోపల మా డాక్టర్ హెన్షా ప్రమాణపత్రం ఉంది. జనవరి 11న మంచు వల్ల రోడ్లు మూసేశారు. మందు రాసిపెట్టిన పన్నెండు మందిలో ముగ్గురు రాలేకపోయారు, మర్నాడు రమ్మన్నాం. సాయంత్రం ఐదింటికి బీరువాలో మూడు పెట్టెలు మిగిలాయి. వెయిటింగ్ లిస్టులో ఆ రోజు పేరు ఒక్కటే ఉంది. ఆమెని పిలిచి ఇచ్చాం. రెండు మిగిలాయి. మిస్టర్ స్కోరుప్‌కా పేరు లిస్టులో లేదు. ఆయన ఫోన్ తీసిన ఉద్యోగి దాన్ని నమోదు చెయ్యలేదు. ఉద్యోగి: ఎల్.ఎస్.

ఎల్.ఎస్. లూసిల్ స్కోరుప్‌కా. నేను.

రెండు పెట్టెలు మిగిలాయి. మంచులో కాజ్ ఇంటికి నడిచి వెళ్ళినా ఇరవై నిమిషాలు. నేను నడిచి ఇచ్చొచ్చేదాన్ని.

ఆ రోజు నాలుగింటికే ఇంటికొచ్చేశాను, రోడ్లు మూస్తున్నారని. ఐదింటికి ఏం మిగిలిందో నాకు తెలియదు. మర్నాడు కూడా ఎవరూ చెప్పలేదు, ఎందుకు చెప్తారు.

ఎందుకు రాయలేదు. ఇక్కడైనా నిజం రాయాలి. లిస్టు వల్ల ఒక్కరోజు కూడా లాభం కనబడలేదు, అది నిజమే. దాదాపు అందరూ మానేశారు, అదీ నిజమే. కానీ ఫోన్ చేసినవాడు నా తమ్ముడు. పెన్ను చేతిలో ఉంది. రాద్దామా అనుకున్నాను కూడా. తమ్ముడి పేరు రాసుకుంది చూడు అని పక్క సీటు పిల్ల అంటుందని ఆగాను. పద్నాలుగేళ్ళలో నా వాళ్ళ కోసం ఒక్క గీత గియ్యలేదు అని నాకొక గర్వం. ఇంకొకటి కూడా ఉంది. నవంబరులో బూస్టర్ వేయించుకోరా అని మూడుసార్లు బతిమాలాను. మంత్రసానిలా వెంటపడకు అని నవ్వాడు. ఫోన్లో వాడి మూలుగు వింటుంటే, పడనీ ఒకరోజు, బుద్ధొస్తుంది, అనుకున్నాను. ఒక్క క్షణం. ఆ క్షణంలోనే పెన్ను కింద పెట్టాను.

వాడికి చావుదాకా వస్తుందని అనుకోలేదు. మా కాజ్ ఇళ్ళ కప్పుల మీద పరిగెత్తేవాడు.

ఏప్రిల్ 14

వాడికి ఫోన్ చేశాను. మారీబెత్ ఎత్తి, పక్కనే ఉన్నాడు, మాట్లాడడట అంది.

ఏప్రిల్ 20

పెల్లమ్ గారు క్లినిక్ పార్కింగులో కారు పక్కన నిలబడి ఉన్నారు. పదిహేను నిమిషాలు చాలన్నారు.

రాష్ట్రం వాదన ఇదట. ఫారం ఎవరినీ కాదనలేదు, వరస మాత్రమే చెప్పింది. లిస్టులో ఉంటే కాజ్‌కి ఆ రోజే మందు దక్కేది. కాబట్టి నష్టం ఫారం వల్ల కాదు, ఒక గుమాస్తా వల్ల. గుమాస్తా మీద దావా లేదు. కాబట్టి స్టాండింగ్ లేదు.

అయితే దారి ఉందన్నారు. గుమాస్తా మీరు. మీరు ఒక ప్రమాణపత్రం ఇస్తే చాలు. ఫారం చదివి, నాలుగు రానివాడికి మందు లేదనే నేను అర్థం చేసుకున్నాను, ఫారం వల్లే తిప్పి పంపాను, అని. డ్రాఫ్టు తెచ్చారు. అరపేజీ. కింద నా పేరు, చుక్కల గీత.

లిస్టు గురించి నాకు తెలుసండీ, వారం రోజులు నేనే రాశాను అన్నాను.

ఆయన చాలా నిదానంగా, మీకు తెలుసా అని నేను అడగలేదు కదా మిస్ స్కోరుప్‌కా అన్నారు. మీరు మనసులో ఏమనుకున్నారో మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు అన్నారు.

అబద్ధం చెప్పమని ఒక్క మాట కూడా అనలేదు మనిషి.

ఏప్రిల్ 21

మారీబెత్ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. కోటు కూడా విప్పలేదు.

మీ తమ్ముడు నిన్ను ఒక్క మాట అనలేదు వదినా, మూడు నెలలు నేనంటుంటే కూడా నా నోరు మూయించాడు, అంది. ఇప్పుడు తనకి మిగిలింది ఆ కేసు ఒక్కటే. రోజూ పొద్దున్నే లేచి ఆ కాగితాలే చదువుతాడు. పాతికేళ్ళు నీ మాటే వేదమనుకున్నవాడికి అరపేజీ మీద సంతకం పెట్టలేవా. నీ రూల్సు తనకి ప్రాణం మీదకి తెచ్చాయి. ఇప్పుడు ఇంకో రూలు చెప్పకు.

వాడేమన్నాడు అని అడిగాను. ఏమీ అనలేదట. సంతకం పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఏప్రిల్ 25

ఐదు రోజులుగా ఆ అరపేజీ వంటింటి బల్ల మీద ఉంది. దాని పక్కనే తింటున్నాను.

ఏప్రిల్ 27. మధ్యాహ్నం 2 గంటలు

సంతకం పెట్టలేదు. నేనే వేరేది రాసి, కోర్టు నోటరీ దగ్గర సంతకం చేసి, ఇద్దరు లాయర్లకీ పంపాను. ఏం రాశానో ఇక్కడ కూడా ఉండాలి.

నేను లూసిల్ స్కోరుప్‌కాని. కాజ్ నా తమ్ముడు. లిస్టు ఉందని నాకు తెలుసు. వాడి పేరు రాయలేదు. రాయొద్దని నాకెవరూ చెప్పలేదు. ఆ తప్పు నాది. ఇంకొకటి కూడా నిజం. వాడు తెల్లవాడు కాకపోయి ఉంటే నేను లిస్టు ముట్టుకునే పనే ఉండేది కాదు. పన్నెండు గంటలకల్లా మందు వాడి చేతిలో ఉండేది. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచలేను.

పోస్టులో వేసి మెట్ల మీద కూర్చున్నాను. ఎండ ఉంది. ఎవరో కుక్కని తీసుకెళ్తూ, బాగున్నారా అని అడిగారు. బాగున్నానన్నాను.

మే 17. మంగళవారం

కోర్టు. నేను చివరి బెంచీలో కూర్చున్నాను. ఒడెస్సా సెలవు పెట్టి నా పక్కన వచ్చి కూర్చుంది. నీకెందుకే అన్నాను. నాకూ వినాలనుంది, ఎవరైనా ఏదైనా చెప్తారేమో అంది.

జడ్జి గారు అరవై దాటినావిడ. అన్నీ చదువుకుని వచ్చారు. పెల్లమ్ గారు రాజ్యాంగం గురించి మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపారు. అక్కడికి తర్వాత వద్దాం, మీ క్లయింటుకి కుదరదు అన్నది ఎవరు అన్నారు. క్లినిక్ అండీ అన్నాడాయన. క్లినిక్ అంటే ఇటుకలు కదా, మనిషెవరు అన్నారు.

కాజ్ వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. రెండు నెలల తర్వాత వాడి కళ్ళు నా కళ్ళలో పడడం అదే. కోపం ఉంటుందనుకున్నాను. లేదు. ఎవరో ఊరు పేరు అడిగితే గుర్తురానివాడిలా చూశాడు. వాడి మిషను చప్పుడు ఒక్కటే, బుస్, బుస్.

లిస్టులో పేరు ఉంటే ఆ సాయంత్రం ఐదింటికి మందు దొరికేదా అని అడిగారు జడ్జి. దొరికేది యువరానర్ అన్నాడు రాష్ట్రం లాయరు. ఇకముందు మళ్ళీ ఇలా జరిగే ప్రమాదం ఉందా. లేదు, గడి తీసేశాం, మందు పుష్కలంగా ఉంది.

నలభై నిమిషాలు. ఫారం తప్పా ఒప్పా అని ఒక్క ముక్క ఎవరూ అనలేదు. అందరూ గుమ్మం గురించే మాట్లాడారు.

మే 31

ఆర్డరు. పదకొండు పేజీలు. దావా కొట్టేశారు.

నష్టం నిజమేనట. ఆ మాట మొదటి పేజీలోనే ఉంది, దయగానే రాశారు. కానీ ఆ నష్టం ఈ కోర్టు ముందున్న ఎవరి వల్లా జరగలేదట. ముందుముందు జరిగే సూచనా లేదట. కాబట్టి ఫిర్యాదులో అసలు ప్రశ్న జోలికి వెళ్ళే అధికారం మాకు లేదు, వెళ్ళడం లేదు.

ఏడో పేజీలో నేనున్నాను. కొటేషన్లో. లిస్టు ఉందని నాకు తెలుసు. వాడి పేరు రాయలేదు. రాయొద్దని నాకెవరూ చెప్పలేదు. ఆ తప్పు నాది.

అక్కడితో ఆపేశారు. ఆ తర్వాత నేను రాసింది లేదు. మళ్ళీ మళ్ళీ పేజీలు తిప్పాను. ఫుట్‌నోట్లు కూడా చదివాను. నా రెండో నిజం ఎక్కడా లేదు.

నా నోట్లోంచి మాట తీసి సగానికి విరిచి, ఆ సగంతోనే వాడి గుమ్మం మూశారు. మూసిన చెయ్యి నాదే.

జూన్ 1

పెల్లమ్ గారు ఫోన్ చేశారు. అప్పీలు లాభం లేదట. కోపంగా లేరు. మీరు నిజాయితీపరులు మిస్ స్కోరుప్‌కా అన్నారు. అభినందనలా లేదు.

జూన్ 2

ఆర్డరు ఒడెస్సాకి ఇచ్చాను. భోజనం బల్ల దగ్గరే మొత్తం చదివింది. మీరు గెలిచినట్టే కదా అన్నాను, ఎందుకన్నానో తెలియదు, నోరు జారింది.

ఎవరే గెలిచింది అంది. ఎప్పుడూ నా మీద గొంతు లేపని మనిషి. ఆ గడి పెట్టడం న్యాయమే అని రాశారా ఇందులో? ఎక్కడ, చూపించు. మా అమ్మ పేరు మీద ఒక్క లైను ఉందా? రేపు ఎవరైనా దాన్ని తప్పన్నా నేను చూపించడానికి కాగితం లేదు. ఒప్పన్నా కాజ్‌కి చూపించడానికి కాగితం లేదు. మా అమ్మకి రాసి లేదన్నారు, పంపేశారు. మీ తమ్ముడికి రాసే ఉంది, అచ్చులో, రెండు పాయింట్లని. వాణ్ణీ పంపేశారు.

ఆర్డరు మడత పెట్టి నాకిచ్చింది. చేతులు కడుక్కుని వార్డులోకి వెళ్ళిపోయింది. అరగంట తర్వాత వచ్చి, రేపు నీ కారులో వస్తాను, నాది షెడ్డులో ఉంది అంది.

జూన్ 5. ఆదివారం

కాజ్ ఇంటికి వెళ్ళాను. పిలవకుండానే. మారీబెత్ తలుపు తీసి పక్కకి జరిగింది.

వాడు వెనక వరండాలో కూర్చున్నాడు. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. పక్క సీటు పిల్ల సంగతి, నా గర్వం, బూస్టరు, బుద్ధొస్తుందనుకున్న ఆ ఒక్క క్షణం. కోర్టుకి రాయనిది కూడా. ఏదీ మిగల్చలేదు.

విన్నాడు. ఆఖర్న, నేను అడిగింది నిన్ను కాదు కదక్కా అన్నాడు. నన్నలా చెయ్యొచ్చా అని వాళ్ళనడిగాను. వాళ్ళు నీవైపు వేలు చూపించి ఇంటికెళ్ళిపోయారు. తప్పు నీదే అనుకో, అయినా నా ప్రశ్న అక్కడే ఉంది కదా.

ఉందిరా అన్నాను.

నిన్ను చూస్తే ఒళ్ళు మండుతోంది అన్నాడు. వెళ్ళమంటావా అంటే, కాఫీ తాగి వెళ్ళు, పెట్టేసింది మీ మరదలు అన్నాడు. కాఫీ తాగాను.

జూన్ 18

కాజ్ వచ్చాడు. నా కోసం కాదట, మా ఇంటి వెనక గది కప్పు కారుతోందని ఎవరో చెప్పారట. ట్రక్కులోంచి నిచ్చెన మారీబెత్ దింపింది. ఎక్కు అన్నాడు నన్ను. అరవై ఒక్కేళ్ళలో ఏ ఇంటి మీదా ఎక్కలేదు నేను. నిచ్చెన వాడే పట్టుకున్నాడు, రెండు చేతులతో, ముక్కులో గొట్టంతో. పైకెళ్ళాక, అక్కడ కాదు, ఎడం పక్క, మేకు వంకరపోతోంది, నీ మొహం, అని కిందనుంచి తిట్టాడు. నాలుగు మేకులు కొట్టాను, ఒకటి సరిగ్గా దిగింది. ఇంక దిగనా అని అడిగాను. అప్పుడే వద్దు, కాసేపు అక్కడే కూర్చో అన్నాడు.

కూర్చున్నాను.